రెండు పెనాల మీద రెండు వేల దోసెలు పడవు

ఆటగాళ్ల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు పిల్లల కబడ్డీ, ఖోఖో జట్లతో సంబంధం ఉన్నవాళ్లకు ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. దాని సారాంశం ఇది. అమెరికాలో పిల్లల జట్లు పాన్‌కేక్ అల్పాహారం పెట్టి ఒక్క ఉదయంలో ఏడాది ఖర్చులు రాబట్టుకుంటాయట. పాన్‌కేక్ అంటే మన దోసెలాంటిదే కాబట్టి మనమూ నెయ్యి కారం దోసెలతో అదే పని చేయవచ్చట. మనిషికి ఖర్చు 5 రూపాయలు, టోకెను 50 రూపాయలు, వెయ్యి మంది వస్తే 45 వేలు మిగులు. రెండు పెనాలు చాలు, తల్లులే దోసెలు వేస్తారు, ఏ ఆదివారమైనా పెట్టుకోవచ్చు, మంచి పని కనుక అనుమతులు అక్కర్లేదు, పైగా డబ్బిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు!

పిల్లలకు బూట్లు, బస్సు ఛార్జీలు సమకూర్చాలన్న తపనను ఎవరూ తప్పుపట్టరు. కానీ ఈ లెక్కను నమ్మి షామియానా వేస్తే, ఎనిమిదిన్నరకు ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ జనానికి సంజాయిషీ చెప్పుకోవలసింది సందేశం పంపినవాళ్లు కాదు, జట్టు పెద్దలు. అందుకే ఒక్కొక్క మాటనూ విడివిడిగా చూద్దాం.

“పాన్‌కేక్ అంటే మన దోసెలాంటిదే.”

రెండూ గుండ్రంగా ఉంటాయి, రెండూ పెనం మీదే కాలుతాయి. పోలిక అక్కడితో సరి. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాలకు ఎక్కువగా వాడేది పొడి మిశ్రమం. మైదా, పంచదార, బేకింగ్ పౌడరు ముందే కలిపి సంచుల్లో అమ్ముతారు. పొద్దున్నే వచ్చి నీళ్లు పోసి కలిపితే పది నిమిషాల్లో పిండి సిద్ధం. పొంగించే పని బేకింగ్ పౌడరు చూసుకుంటుంది కనుక రాత్రంతా పులియబెట్టే బాధ లేదు. పాన్‌కేక్ అరచేతికి కాస్త పెద్దది, అంతే. పెద్ద చదును పెనం మీద ఒక్క వాయికి ఇరవై దాకా పోసి తిరగేస్తారు. పైన వేసుకునే పాకం సీసాలో వస్తుంది, రుబ్బవలసిన పచ్చడి ఉండదు. ఇవి తరచుగా జరిగేది కూడా చర్చి హాళ్లలో, అగ్నిమాపక కేంద్రాల్లో, స్కూలు భోజనశాలల్లో. నీళ్లు, బల్లలు, కొన్నిచోట్ల వంటగది కూడా అక్కడే ఉంటాయి. మనకు ఉండేది స్కూలు మైదానం, ఒక కుళాయి.

పాన్‌కేక్ అల్పాహారాలన్నీ డబ్బు కోసమే అనుకోవడమూ సరికాదు. కెనడాలోని కాల్గరీలో జూలై నెల స్టాంపీడ్ ఉత్సవాలప్పుడు ఊరంతా పాన్‌కేక్ అల్పాహారాలు పెడతారు. 1923 నుంచి వస్తున్న ఆనవాయితీ అది. వాటిలో చాలావాటికి ఒక్క డాలరు కూడా తీసుకోరు.

“మనిషికి ఖర్చు ఐదు రూపాయలే.”

పిండి వరకే అయితే ఈ మాట నిజం. మనిషికి రెండు దోసెలు వేసుకుందాం. ఒక్క దోసెతో సరిపెట్టుకునేవాడు నెల్లూరు జిల్లాలో దొరకడం కష్టం. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు మినప్పప్పు లెక్కన, అన్నీ కలిపి ఒక కిలోకు 30 దోసెలు వస్తాయి. వెయ్యి మందికి 2,000 దోసెలు కనుక 50 కిలోల బియ్యం, 17 కిలోల మినప్పప్పు కావాలి. బియ్యం కిలో 50 రూపాయలు, పప్పు 130 రూపాయలు అనుకుంటే మొత్తం 4,700 రూపాయలు. మనిషికి ఐదు రూపాయల లోపే.

మరి నెయ్యి? దోసెకు 5 గ్రాములు పోసినా మనిషికి 10 గ్రాములు. కిలో 700 రూపాయల నెయ్యి అయితే అదొక్కటే ఏడు రూపాయలు. అంటే దోసె కంటే దాని మీద నెయ్యే ఖరీదు. ఇక్కడే కొందరికి వనస్పతి ఆలోచన వస్తుంది. నెయ్యి కారం దోసె అని బోర్డు రాసి వనస్పతి పోస్తే నెల్లూరువాళ్లకు మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది, రెండో ఏడాది ఎవరూ టోకెను కొనరు. వేరుశనగ పచ్చడి, కారం, పప్పుల పొడి, పెనానికి నూనె కలిపి మరో ఏడు రూపాయలు. ప్లేటు, గ్లాసు, మంచినీళ్లకు నాలుగు. గ్యాసు, పెనాల అద్దె, షామియానా, వంటమాస్టర్ల కూలి కలిపి పన్నెండు. నా అంచనాలో మనిషికి 35 రూపాయలకు తగ్గదు. 50 రూపాయల టోకెనులో మిగిలేది 15 రూపాయలు. 45 వేలు కాస్తా 15 వేలయింది, అదీ వెయ్యి మందికీ వడ్డించగలిగితే.

“పెనాలు రెండు చాలు.”

సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇదే. మిగతావి తప్పితే డబ్బు తగ్గుతుంది, ఇది తప్పితే పరువు పోతుంది.

హోటల్ పెనం దగ్గర ఒక్క వాయి గమనించండి. ముందు నీళ్లు చల్లి, పుల్లల చీపురుతో తుడవాలి. సగం కోసిన ఉల్లిపాయతో నూనె రాయాలి. పిండి పోసి గరిటె అడుగుతో తిప్పాలి. తడి ఆరాక ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరిన కారాన్ని అంచుల దాకా పూయాలి. పైన పప్పుల పొడి చల్లాలి, నెయ్యి పోయాలి. ఆ నెయ్యి కారంలోకి ఇంకి, అడుగున దోసె ఎర్రబడే దాకా ఆగాలి. అప్పుడు అట్లకాడతో అంచు లేపి మడవాలి. చేయి తిరిగిన మాస్టరుకైనా నాలుగు నిమిషాలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే కారం మాడి వీధంతా దగ్గులు. పెద్ద పెనం మీద ఒకసారికి నాలుగు దోసెలు పడతాయి. అంటే గంటకు 60.

ఉదయం ఏడు నుంచి పది దాకా వడ్డన అనుకుంటే మూడు గంటల్లో ఒక పెనం మీద 180, రెండిటి మీద 360. కావలసినవి 2,000. కారం, నెయ్యి మానేసి సాదా దోసెలు వేసినా వాయికి మూడు నిమిషాలు తప్పదు. అప్పుడు రెండు పెనాలు ఇచ్చేది 480. రెండు వేల కారం దోసెలు కావాలంటే పెనాలు పన్నెండు ఉండాలి, పన్నెండు మంది మాస్టర్లు ఉండాలి. పైగా జనం మూడు గంటలూ సమానంగా రారు. ఏడింటికి నడకకు వచ్చిన పెద్దవాళ్లు నలుగురు ఉంటారు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్యలో పిల్లాపాపలతో అందరూ ఒక్కసారే దిగుతారు. ముందే వేసి పెట్టుకుందామంటే, చల్లారిన దోసెను డబ్బిచ్చి ఎవరు తింటారు?

దీనికి విరుగుడు ఉంది. దోసెను ప్లేటుకు ఒక్కటే చేయండి. మిగతా కడుపు ఇడ్లీతో, పొంగలితో నింపండి. ఇడ్లీ పాత్ర ఒక్క వాయికి వందకు దగ్గరగా ఇస్తుంది. పొంగలి గుండిగలో ఒకసారి ఉడికితే పని అయిపోయినట్టే. మనిషి దోసె కోసం వస్తాడు. ఇడ్లీ తింటూ దోసె కోసం ఆగమంటే ఆగుతాడు, ఖాళీ ప్లేటుతో ఆగమంటే ఆగడు.

“తల్లులే వేస్తారు, కూలి ఖర్చు లేదు.”

తండ్రులు ఏమయ్యారో సందేశంలో లేదు. బహుశా ఫోటోలకు వస్తారు. ఆ సంగతి పక్కన పెడదాం. ఇంటి పొయ్యి మీద పదిహేను దోసెలు వేయడం, పెద్ద బర్నరు ముందు మూడు గంటలు నిలబడి వందలకొద్దీ దోసెలు వేయడం ఒక పని కాదు. ఇనుప పెనం వేడి అందరి చేతికీ లొంగదు. కాస్త ఎక్కువైతే పిండి గరిటెకు చుట్టుకుంటుంది, తక్కువైతే దోసె లేవదు. పెనాల దగ్గర కూలి ఇచ్చి మాస్టర్లనే పెట్టండి. తల్లులూ తండ్రులూ కలిసి టోకెన్లు, పచ్చళ్లు, వడ్డన, ప్లేట్లు ఎత్తడం చూసుకోవచ్చు. పిల్లలను బర్నర్ల దరిదాపులకు రానివ్వకండి. జట్టు బనియన్లతో మంచినీళ్లు అందిస్తే చాలు, చూసేవాళ్లకు తమ డబ్బు ఎవరికి వెళుతోందో కనిపిస్తుంది.

అసలు కష్టం ముందురోజే మొదలవుతుంది. 67 కిలోల బియ్యం, పప్పు నానబెట్టి రుబ్బాలి. పది లీటర్ల గ్రైండరు ఒక వాయికి నాలుగు కిలోలకు మించి తీసుకోదు, వాయికి అరగంట. లెక్క కడితే ఎనిమిది గంటల పైమాటే. రుబ్బిన పిండి 160 కిలోలు. అది పొంగి రెట్టింపవుతుంది కాబట్టి గిన్నెలను సగానికే నింపాలి. అన్ని గిన్నెలు ఎవరింట్లో ఉన్నాయి? ఊళ్లో దోసె పిండి అమ్మేవాళ్లతో ముందే మాట్లాడుకోవడం తెలివైన పని. ఒకవేళ పిండి మిగిలి పులిసిపోతే బెంగ లేదు. మర్నాడు పులిబొంగరాలు వేసుకోమని నెల్లూరువాళ్లకు ఒకరు చెప్పాలా?

“ఏ ఆదివారమైనా పెట్టుకోవచ్చు.”

ఈ తీరంలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండం పట్టిందంటే మైదానంలో మోకాలి లోతు బురద. పైగా అందులోనే కార్తీకమాసం వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు ఆ నెలలో ఎన్నో, మన కారంలో ఆ రెండూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి రుబ్బిన పిండి ఐదారు గంటలకే పులిసి, తెల్లవారేసరికి పుల్లటి దోసెలు తయారవుతాయి. ఆ వేడిలో బర్నర్ల ముందు మాస్టర్లు నిలబడలేరు కూడా. జనవరి, ఫిబ్రవరి మంచివి. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల నుంచి ఊరికి వచ్చినవాళ్లు ఉండే రోజుల్లో పెడితే ఇంకా మంచిది. చిన్నప్పుడు అదే మైదానంలో ఆడినవాళ్లు ఒక టోకెను కొని ఐదు టోకెన్ల డబ్బు ఇచ్చిపోతారు.

“మంచి పని కనుక అనుమతులు అక్కర్లేదు.”

అక్కర్లేదని చట్టం అనడం లేదు. 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సు నిబంధనల్లో తాత్కాలిక దుకాణదారులు, సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్లు కూడా చిన్న వ్యాపారుల కోవలో నమోదు చేసుకోవాలని ఉంది. రుసుము ఏడాదికి 100 రూపాయలు. పిల్లలు, ముసలివాళ్లు తినే తిండికి ఆ మాత్రం బాధ్యత బరువేమీ కాదు. స్కూలు మైదానమైతే ప్రధానోపాధ్యాయుల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది సిలిండరు. ఇంటికొకటి చొప్పున 14.2 కిలోల సిలిండర్లు పట్టుకొస్తారు. అవి ఇంటి వాడకానికి మాత్రమే. ఇలాంటి చోట వాడవలసింది 19 కిలోల వాణిజ్య సిలిండరు. పెద్ద బర్నరు గంటకు కిలోకు అటూ ఇటూగా తాగుతుంది. పెనాలు, ఇడ్లీ పాత్ర, గుండిగ లెక్కవేసుకుని అదనంగా ఒకటి తెచ్చుకోండి. రెండు బకెట్ల ఇసుక, ఒక మంటలార్పే సిలిండరు దగ్గర ఉండాలి.

“డబ్బిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు.”

లేదు. టోకెను కొన్నవాడు దోసె తిన్నాడు. అది కొనుగోలు, విరాళం కాదు. విడిగా విరాళం ఇచ్చినా, 80జి అని అందరూ పిలిచే మినహాయింపు రావాలంటే పుచ్చుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉండాలి, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్లు పాత పన్ను విధానంలో ఉండాలి. ఊరి కబడ్డీ జట్టుకు ఆ గుర్తింపు ఎక్కడిది? లేని మినహాయింపు ఆశ చూపి డబ్బు అడిగితే, రేపు ఆ మనిషి ఆడిటరు ముందు మన పేరే చెబుతాడు.

“వెయ్యి మంది వస్తారు, ఒకరి ఫోను క్యూఆర్ కోడ్ పెడితే చాలు.”

ఎవరు లెక్కపెట్టారు వెయ్యి? ముందుగా అమ్మిన టోకెన్లే అసలు లెక్క, మిగతాది ఊహ. మధ్యస్థమైన ఊళ్లో 400 టోకెన్లు అమ్మగలిగితే గొప్పే. టోకెను 80 రూపాయలు పెట్టండి. ప్లేటులో ఒక నెయ్యి కారం దోసె, రెండు ఇడ్లీలు, కాస్త పొంగలి. మూడు పెనాలతో మూడు గంటల్లో 540 దోసెలు వేయవచ్చు కనుక రద్దీ సమయంలోనూ ఊపిరి పీల్చుకోవచ్చు. 32 వేల రాబడి, 14 వేల ఖర్చు, 18 వేల మిగులు. రైసుమిల్లువాళ్లు బియ్యం బస్తా, పాల వ్యాపారి నెయ్యి ఇస్తే మరో మూడు వేలు కలుస్తాయి. డబ్బు అడిగితే మొహం చాటేసేవాళ్లు కూడా సరుకు అడిగితే ఇస్తారు, బ్యానరు మీద పేరు వేస్తే చాలు. సందేశంలోని 45 వేలలో ఇది సగం కూడా కాదు. అయినా 12 మంది జట్టుకు ఇది చిన్న మొత్తం కాదు.

ఆ డబ్బు ఒకరి సొంత ఖాతాలో పడకూడదు. ఎంత మంచి మనిషైనా సరే, వారం తిరగకముందే ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి, వాటి మధ్య నలిగేది పిల్లల జట్టు. ఇద్దరు సంతకం చేస్తే తప్ప డబ్బు కదలని ఖాతా తెరవండి. టోకెన్లకు వరుస నంబర్లు వేయించండి. ఎవరికి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారో రాసి, అమ్ముడుపోనివి శనివారం సాయంత్రానికి వెనక్కి తీసుకోండి. అప్పుడే రాత్రికి ఎంత పిండి రుబ్బాలో తేలుతుంది.