రాయి ఊరిది, రేటు ఢిల్లీది

(హుజూర్‌నగర్ దగ్గర ఓ ఇంటి వసారా. ముంగిట్లోని మందారాకుల మీద సిమెంటు దుమ్ము. బావ గనుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. బావమరిది ఓ సిమెంటు కంపెనీలో లెక్కలు చూస్తాడు.)

బావ: తమిళనాడును చూశావా? ఖనిజాలున్న భూమి మీద పన్నుకు 2024లో చట్టం చేసింది. 2025 ఏప్రిల్ నుంచి సున్నపురాయికి టన్నుకు 160 రూపాయలు వసూలు చేస్తోంది. మనవాళ్లూ ఆ పని చేయాలి.

బావమరిది: రాయి తవ్వుకున్నందుకు రాష్ట్రానికి కట్టే రాయల్టీ టన్నుకు 80 అయితే దాని మీద పన్ను 160! అసలు కన్నా కొసరు ఎక్కువన్నమాట.

బావ: ఆ 80 ఎవరు పెట్టారు? ఢిల్లీ, 2014లో. బొగ్గు మీద ధరలో 14 శాతం, ఇనుప ఖనిజం మీద 15 శాతం. అక్కడ ధర పెరిగితే రాష్ట్రానికీ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. సున్నపురాయికి మాత్రం టన్నుకు ఇంత అని బిగించేశారు. మూడేళ్లలో ఒకసారికి మించి పెంచకూడదని చట్టం ఉంది కానీ, ఏళ్ల తరబడి పెంచకపోతే అడిగే దిక్కు లేదు. ఆ 80 వచ్చాక నీ జీతం ఎన్నిసార్లు పెరిగింది?

బావమరిది: నా జీతం సంగతి ఎందుకులెండి. రాయల్టీ పెంచమని ఢిల్లీని అడగండి. దాని పక్కన ఇంకో పన్ను ఎందుకు?

బావ: రెండూ ఒకటి కాదు కనుక. 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు ఏడుగురు రాయల్టీ కూడా పన్నేనన్నారు. దాంతో రాష్ట్రాల చేతులు కట్టేసినట్టయింది. 35 ఏళ్ల తర్వాత, 2024 జూలై 25న, తొమ్మిదిమంది ధర్మాసనం 8:1తో దాన్ని కొట్టేసింది. రాయల్టీ అంటే రాయి తీసుకున్నందుకు సొంతదారుకు ఇచ్చే ప్రతిఫలం. పన్ను వేరే, అది రాష్ట్రాల హక్కు.

బావమరిది: ఆ ఒక్కరి మాట కూడా వినండి. ఇలా వదిలేస్తే రాష్ట్రాల మధ్య అనారోగ్యకరమైన పోటీ వస్తుందని జస్టిస్ నాగరత్న ఆనాడే రాశారు. పైగా ఆగస్టు 14న పాత బాకీ కూడా తగిలించారు. 2005 ఏప్రిల్ 1 తర్వాతి పన్నును అప్పట్లో చట్టాలున్న రాష్ట్రాలు 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవచ్చట. 2005లో బస్తా కొనుక్కెళ్లినవాడిని ఇప్పుడు ఎక్కడ వెతికి అడగాలి?

బావ: తీర్పు ముందు కాలానికి వడ్డీ, జరిమానా లేవన్నారుగా. అది అలా ఉంచు. టన్ను సిమెంటుకు ఒకటిన్నర టన్నుల రాయి అనుకో. టన్నుకు 20 బస్తాలు. అంటే రాయల్టీ బస్తాకు ఆరు రూపాయలు. మన కొండను కరిగించి పంపిస్తున్నందుకు మనకు దక్కేది ఆరు రూపాయలు! ఇది పొలం మీద వచ్చే కౌలు కాదయ్యా, పొలాన్నే అమ్ముకున్న సొమ్ము.

బావమరిది: అమ్ముకున్న సొమ్మే అయితే జీతాలకూ పథకాలకూ ఎలా ఖర్చు పెడతారు? పన్ను నేరుగా రాష్ట్ర ఖజానాలో పడుతుంది. జిల్లా ఖనిజ నిధి అలా కాదు, గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసమని చట్టమే పెట్టింది. మాది 2015కు ముందటి లీజు కాబట్టి రాయల్టీలో 30 శాతం దానికే కడతాం. వేలంలో వచ్చిన కొత్త లీజులకు 10 శాతమే. దాన్ని పెంచమనండి, ముందు నేనే చేయెత్తుతాను.

(బావ వెంటనే జవాబివ్వలేదు. కాఫీ చల్లారిందని తెలిసి కూడా గ్లాసు అందుకున్నారు.)

బావ: ఆ 10ని 30 చేయాలన్నా సంతకం ఢిల్లీదే. రాష్ట్రం చేతిలో ఉన్నది ఈ పన్నొక్కటే.

బావమరిది: అదీ ఎన్నాళ్లో! పార్లమెంటు కావాలంటే దానికి హద్దులు పెట్టవచ్చని ఆ తీర్పే చెప్పింది. సరే, మీ పై అంతస్తుకు 400 బస్తాలు కావాలన్నారు. తమిళనాడు రేటయితే బస్తాకు 12 చొప్పున 4,800 ఎక్కువవుతుంది. కడతారా?

బావ: కడతాను. రసీదు మీద మన ఊరి పేరుంటే.

బావమరిది: ఖజానా రసీదు మీద ఊళ్ల పేర్లు రాయరు బావగారూ.