ఎలుగుబంట్లకు పాట మార్చారు

ఫ్లోరిడాలో డిస్నీ వారి వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ తలుపులు తెరిచింది 1971 అక్టోబరు 1న. ‘కంట్రీ బేర్ జాంబోరీ’ కూడా ఆ రోజే మొదలైంది. వేదిక మీద మనుషులుండరు. యంత్రపు ఎలుగుబంట్లు బాంజో, ఫిడేలు వాయిస్తూ ‘కంట్రీ’ అనే అమెరికా పల్లె పాటలు పాడతాయి. 2024 జనవరిలో ఆ ఆట ఆపేసి, జులై 17న కొత్త పాటలతో మళ్లీ తెరిచారు.

నిజానికి ఈ ఎలుగులు పార్కు కోసం పుట్టలేదు. కాలిఫోర్నియా కొండల్లో, మినరల్ కింగ్ అనే లోయలో మంచు రిసార్టు కట్టాలని వాల్ట్ డిస్నీ అనుకున్నారు. అక్కడ కాలక్షేపానికి ఎలుగుబంట్ల కచేరీ పెడదామని డిస్నీ చిత్రకారుడు మార్క్ డేవిస్ బొమ్మలు గీశారు. వాటిని చూసి వాల్ట్ పగలబడి నవ్వారని డేవిస్ తర్వాత చెప్పుకునేవారు. 1966 డిసెంబరులో వాల్ట్ పోయారు. రిసార్టు మీద సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. అది కట్టనే లేదు. 1978లో ఆ లోయ సెకోయా నేషనల్ పార్కులో కలిసిపోయింది.

పాత ఆటలో నాకు ప్రాణం బిగ్ ఆల్ అనే ఎలుగు. కొండంత ఒళ్లు, నెత్తిన బుల్లి టోపీ, శ్రుతి తప్పిన గిటారు. జీను మీద నెత్తుటి మరకల గురించి ఓ ఏడుపు పాట ఎత్తుకునేవాడు. ఆ గొంతు వెస్టర్న్ సినిమాల గాయకుడు టెక్స్ రిట్టర్‌ది. చివర్లో అందరూ వేరే పాట పాడుతున్నా ఇతను తన పాట వదలడు. హాలంతా ఒకటే నవ్వు.

ఇప్పుడు వినిపించేవి దాదాపు అన్నీ డిస్నీ సినిమా పాటలే. వాటికి కంట్రీ బాణీ కట్టారు. బొమ్మలకు కొత్త బట్టలు వేశారు, లివర్ లిప్స్ అనే ఎలుగుకు రోమియో అని పేరు మార్చారు. పనితనానికి వంక పెట్టను. పాత పాటలు ఈ కాలం పిల్లలకు తెలియవు కదా అనే వాదనే నాకు మింగుడుపడదు. 1971లో మాత్రం ఆ నెత్తుటి పాట ఎంతమంది పిల్లలకు తెలుసు? వాళ్లు నవ్వింది ఎలుగుబంటి అంత సీరియస్‌గా గొంతు చించుకుంటున్నందుకు. ఆ పాటల్లో దాదాపు అన్నీ ఏ డిస్నీ సినిమానూ గుర్తు చేయాల్సిన పని లేకుండా, వాటంతట అవే నిలబడ్డాయి. పోయింది ఆ స్వేచ్ఛే. నిడివి తగ్గించడం వరకైతే ఒప్పుకుంటాను, 2012లోనే ఆ కోత పడింది. కనీసం రెండు మూడు పాత పాటలైనా ఉంచాల్సింది.

అయినా ఎలుగులు బతికాయి, అది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఇదే ఆటను 1972లో మొదలుపెట్టి 2001లో మూసేశారు. ఆ చోట కార్టూన్ ఎలుగు ‘విన్నీ ద పూ’ పేరుతో బండ్లలో తిప్పే రైడ్ పెట్టారు. కచేరీ హాలు గోడ మీద మాట్లాడుతూ ఉండిన జింక, అడవిదున్న, దుప్పి తలలను మాత్రం అందులోనే ఓ మూల తగిలించారు. బండి ముందుకు పోతుండగా మెడ వెనక్కి తిప్పి చూసినవాళ్లకే అవి కనిపిస్తాయి.