మహారాజశ్రీ 3 నానోమీటర్ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. మా కెమెరా చిప్పును 5 నానోమీటర్ల తయారీ పద్ధతి నుంచి తమ పద్ధతిలోకి మారిస్తే ఎంత స్థలం కలిసొస్తుందో చెప్పమని అడిగితే, మెమొరీ బ్లాకులు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్, మెమొరీ కంపైలర్, ఈ మధ్యాహ్నం జవాబిచ్చింది. ఎస్‌ర్యామ్ (చిప్పులోపలి మెమొరీ) వరసలో పాత అంకె, దాని పక్కన కొత్త అంకె. రెండూ దాదాపు ఒకటే. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా తమ పేరు. మాస్కు మీద గీసే గీతల్లో 3 అనే కొలత ఎక్కడా కనబడదు. గేటు పిచ్, అంటే ట్రాన్సిస్టర్ గేట్ల మధ్య దూరం, 45 నుంచి 48 నానోమీటర్లు, అతి సన్నని తీగల పిచ్ 23. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. పోనివ్వండి, మార్కెటింగ్ వాళ్ళూ బతకాలి.

ఒక్క బిట్‌ను దాచే బిట్‌సెల్ సంగతే పోనివ్వలేం. ఆరు ట్రాన్సిస్టర్ల ఆ గది 28 నానోమీటర్లలో 0.127 చదరపు మైక్రాన్లు, 7లో 0.027, 5లో 0.021. అక్కడిదాకా బుద్ధిగా దిగింది. తర్వాత? 2022 ఐఈడీఎం సదస్సులో చిప్పులు చేసే టీఎస్ఎంసీ బయటపెట్టిన లెక్క: తమ మొదటి రకంలో 0.0199, ఆ వెనకొచ్చిన ఎన్3ఈలో మళ్ళీ 0.021. బొమ్మలు గుర్తుపట్టే రెజ్‌నెట్-50 న్యూరల్ నెట్‌వర్క్‌కి 2.56 కోట్ల వెయిట్లు (అది నేర్చుకున్న అంకెలు). ఒక్కోదానికి 8 బిట్లంటే 20.5 కోట్ల బిట్లు, అంటే వట్టి సెల్సే 4.3 చదరపు మిల్లీమీటర్లు. సెల్స్‌ని చదివే సెన్స్ ఆంప్లిఫయర్లు, వరస ఎంచే డీకోడర్లు, రిపేరు వరసలు దీనికి అదనం. 5లోనూ 4.3, ఎన్3ఈలోనూ 4.3.

కారణం తెలియక అడగడం లేదండీ. ఆ సెల్లులో ఒక్కో ట్రాన్సిస్టర్ ఎప్పుడో ఒక్క ఫిన్‌కి (నిలువు సిలికాన్ రెక్కకి) దిగిపోయింది, అర ఫిన్ గీయలేం. గేటు వైశాల్యం నాలుగో వంతైతే పక్కపక్క ట్రాన్సిస్టర్ల త్రెషోల్డ్ వోల్టేజీల (ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజీల) తేడా రెట్టింపవుతుంది. 20 కోట్ల సెల్సులో ఏదో ఒకటి చదువుతుండగానే తిరగబడుతుంది. కాబట్టి వోల్టేజీ దించలేం. దించాలంటే నెగటివ్ బిట్‌లైన్ లాంటి రైట్ అసిస్ట్‌లు (రాతకి ఊతమిచ్చే సర్క్యూట్లు) పెట్టాలి, వాటికి మళ్ళీ స్థలం కావాలి.

వెయిట్లను చిప్పు బయట, డీర్యామ్ మెమొరీలో పెట్టుకోండి అంటారేమో. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్లకు వేసిన పట్టిక చూడండి. 8 బిట్ల గుణకారానికి 0.2 పికోజౌల్స్, డీర్యామ్ నుంచి 32 బిట్లు తేవడానికి 640. తమరు చవక చేసింది ఆ 0.2ని. మా బిల్లంతా రెండోదానిలో ఉంది మహాప్రభో!

తమ కరపత్రంలోని 1.3 రెట్ల సాంద్రత ఎవరి చిప్పుది? సగం లాజిక్, 30 శాతం ఎస్‌ర్యామ్, 20 శాతం అనలాగ్ ఉన్నదానిది. విజన్ చిప్పులో సగం ఎస్‌ర్యామే. 10 చదరపు మిల్లీమీటర్లు తీసుకో: లాజిక్ 3.5, ఎస్‌ర్యామ్ 5, అనలాగ్, ఐఓ 1.5. నీ 1.6 రెట్లు లాజిక్‌కే కాబట్టి 3.5 కాస్తా 2.2 అయింది. మొత్తం 8.7. వేఫర్ ధర 15 శాతం పెరిగిందా, ఆ ఆదా కాస్తా గోవిందా. మాస్కులకి వేరే, సైనాఫ్‌లో (ఆఖరి తనిఖీలో) పెరిగే కార్నర్లకి (వోల్టేజీ, వేడి లాంటి పరిస్థితుల కలయికలకి) వేరే, కెమెరా డేటా తెచ్చే ఎంఐపీఐ పీహెచ్‌వై సర్క్యూట్‌ని మళ్ళీ మొదట్నుంచి గీసుకోవడానికి వేరే. ఇంత ఖర్చు పెట్టించి, నాకు చిన్న బఫర్ ఇచ్చి, టైలింగ్ (బొమ్మని ముక్కలుగా కోయడం) నువ్వే చూసుకో అంటావా? పక్క టైల్స్ అంచుల్లో ఉన్న పిక్సెల్స్‌ని రెండేసిసార్లు ఎవడు చదువుతాడు, నువ్వా?

టాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తావో) గొప్పలు కూడా కట్టిపెట్టు. ఒక్కో ఛానెల్‌ని విడిగా వడకట్టే డెప్త్‌వైజ్ లేయర్‌లో ఛానెల్‌కి 9 వెయిట్లే. గుణించి కూడే మ్యాక్ యూనిట్ల 64 బై 64 అరేలో అప్పుడు ముప్పాతిక పైగా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

సోనీ ఐఎంఎక్స్500 కెమెరా సెన్సర్ చూశావా? 1.23 కోట్ల పిక్సెల్స్ కింద సీఎన్ఎన్ (బొమ్మలు చదివే న్యూరల్ నెట్‌వర్క్) ఇంజన్ పెట్టారు, ఆ లాజిక్ 22 నానోమీటర్లది. పైన పిక్సెల్ డై (సిలికాన్ ముక్క) 65ది. దానికెవరూ వంక పెట్టలేదు.

అయినా నిజం చెప్పాలి. అదే వేగానికి లాజిక్ తాగే కరెంటు మూడో వంతు దాకా తగ్గుతుందన్న మాట కెమెరా తయారుచేసేవాడు కాదనలేడు, బ్యాటరీ వాడిది. అందుకని మ్యాక్‌లకు నిన్నే పిలుస్తాం. మెమొరీని మాత్రం వేరే డై మీద 7కి అప్పజెప్తాం. ఏఎండీ వారి రైజన్ 7950ఎక్స్3డీ ప్రాసెసర్‌లో 5 నానోమీటర్ల డై 7 నానోమీటర్ల క్యాష్‌ని నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది, పరువేం పోలేదు. నువ్వూ మోయి.

ఇట్లు,
ఫీచర్ మ్యాప్ బఫర్‌ని మళ్ళీ కోస్తున్న ఒక ఫిజికల్ డిజైన్ బృందం