పొందూరు రాట్నానికి టికెట్ పెడితే తప్పేంటి?

శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర కూర్మగ్రామం ఉంది. అక్కడ కరెంటు వాడరు, ఫోన్లు వాడరు. మట్టి, ఇసుక, సున్నంతో కట్టుకున్న ఇళ్లు, తిండికి సొంత సాగు, పిల్లలకు గురుకులం. ఇస్కాన్ భక్తులు కొందరు కోరి ఎంచుకున్న జీవితం అది. ఆ ఊరి మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. సెలవొస్తే కార్లేసుకుని వెళ్లి చూసొచ్చేవాళ్లకూ లోటు లేదు. అదే జిల్లాలో పొందూరు ఉంది. అక్కడ ఇళ్లలో కరెంటుంది, చేతుల్లో ఫోన్లున్నాయి. రాట్నం మాత్రం చేత్తోనే తిరుగుతుంది. పాతకాలాన్ని వెనక్కి తెద్దామని ఎవరో మొదలుపెట్టిన ప్రయోగం కాదది, గాంధీ కంటే ముందు నుంచీ సాగుతున్న పని. ఖద్దరు కొనడానికి తప్ప ఆ పని చూడ్డానికని పొందూరు వెళ్లినవాళ్లు మనలో ఎంతమంది?

కూర్మగ్రామాన్ని తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. పాత పద్ధతులంటే జనానికి ఇంత ఆకర్షణ ఎందుకు, ఆ ఆకర్షణ వల్ల ఎవరికి నాలుగు రూపాయలు వస్తున్నాయి అన్నదే నా ప్రశ్న.

మొదటిదానికి అందరూ చెప్పే జవాబు, గతం మీద మమకారం. నాకది సరిపోదు. కట్టెల పొయ్యి ఊది కళ్లు మండించుకున్న తరానికి ఇంటికి గ్యాస్ బండ వచ్చిన రోజు పండగే. మళ్లీ పొయ్యి ముందు కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. పైగా సారె మీద కుండ లేస్తున్న రీల్‌ని పదేపదే చూసే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ గతంతో పరిచయమే లేదు, ఇక మమకారం ఎక్కడిది? వాడు చూస్తున్నది పనిని. ముడిసరుకు ఒకటి ఒక మనిషి చేతుల్లో, తన కళ్లముందే, వస్తువుగా మారుతుంటే చూస్తున్నాడు. మనలో చాలామంది చేసే ఉద్యోగాలకు మొదలూ చివరా కనపడవు. సాయంత్రం ఇంటికెళ్లి ‘ఇవాళ ఇది చేశాను’ అని పిల్లలకు చూపించడానికి ఏమీ ఉండదు.

పొందూరులో మొదలూ చివరా రెండూ కనపడతాయి. పత్తి దగ్గర్నుంచే మొదలు. కొండపత్తి, పునాస పత్తి, లేత గోధుమరంగు నూలునిచ్చే ఎర్రపత్తి, ఇవన్నీ ఈ చుట్టుపక్కల పండేవే. మామూలుగా అయితే ముందు గింజ తీసి, తర్వాత దూది ఏకుతారు. ఇక్కడ గింజ ఉండగానే ఒకసారి దువ్వుతారు. అందుకు వాడేది వాలుగ చేప దవడ ఎముక. ఆ దవడకున్న సన్నటి పళ్ల వరసే దువ్వెన. దాంతో పత్తిని దువ్వితే పోగులన్నీ ఒకవైపుకి తిరిగి, చెత్త రాలిపోతుంది. తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. విల్లుతో దూది ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా, దుమ్ము పడకుండా అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఆ దొప్ప చేత్తో పట్టుకునే 24 ఆకుల (చక్రం చువ్వల) పెద్ద రాట్నం మీద వడుకుతారు. వచ్చేది 100 కౌంటు నూలు, ఇంకా సన్నదీ వస్తుంది. గాంధీ తన కొడుకు దేవదాస్‌ను పంపి మరీ ఈ పని గురించి తెలుసుకున్నాడంటే ఆశ్చర్యం లేదు. చేప దవడకు బదులు మంచి స్టీలు దువ్వెన చేయలేరా అని ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఇన్నేళ్లలో ఆ ఎముక స్థానంలోకి వేరేది రాలేదు.

ఇలాంటి పని చూపించే చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ 1891లోనే మొదలైంది. ఫ్యాక్టరీలొచ్చి పల్లెలు మారిపోతుంటే ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన స్వీడన్ నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి ఒకచోట నిలబెట్టాడు. మనకు దగ్గర్లో చెన్నై పక్కన 1996లో తెరిచిన దక్షిణచిత్ర ఆ కోవలోదే. ఇళ్లు బాగుంటాయి, తిరిగి చూస్తాం, వచ్చేస్తాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఫ్రాన్స్‌లోని గెడెలోన్. అక్కడ 1997లో ఒక కోట కట్టడం మొదలుపెట్టారు, 13వ శతాబ్దపు పద్ధతిలో. రాయి అక్కడి క్వారీదే, కలప పక్క అడవిదే, బరువులు ఎత్తడానికి మనుషులు లోపల నడుస్తూ తిప్పే పెద్ద చక్రం. పూర్తికాని కోటను చూడ్డానికి ఏటా లక్షల మంది టికెట్ కొని వస్తారు. రాతిపనివాళ్లకు, వడ్రంగులకు, కమ్మరులకు జీతాలు ఆ డబ్బుల్లోంచే. 2019లో పారిస్ నోత్రదామ్ చర్చి కప్పు కాలిపోయాక దాన్ని మళ్లీ పాత పద్ధతిలో, దుంగల్ని గొడ్డళ్లతో చెక్కి కట్టాలనుకున్నారు. అప్పుడు ఆ పని తెలిసినవాళ్లు గెడెలోన్‌లో ఉన్నారు. టూరిస్టుల ముందు నేర్చిన విద్య దేశానికి అవసరమైన రోజున అక్కరకొచ్చింది.

అమెరికాలో విలియమ్స్‌బర్గ్ పాత పట్టణాన్ని 1926 నుంచి రాక్‌ఫెల్లర్ డబ్బుతో బాగుచేశారు. అక్కడి కమ్మరి, అచ్చుపనివాడు, బండిచక్రాలు చేసేవాడు అందరూ సంస్థ ఉద్యోగులు. అప్రెంటిస్‌గా చేరి ఏళ్లతరబడి నేర్చుకుంటారు, నేర్చుకునే రోజుల్లోనూ జీతముంటుంది. జనంతో మాట్లాడ్డం కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి సుత్తి పక్కనపెట్టి అరగంట మాట్లాడినా వాళ్ల జీతం తెగదు.

పొందూరులో అలా కాదు. వడికినన్ని చిలపలకే, అంటే నూలు చుట్టలకే, కూలీ. కాలేజీ పిల్లల బస్సొకటి వచ్చి, ‘అమ్మా, ఇంకోసారి తిప్పండి, వీడియో తీసుకుంటాం’ అంటే వడికే ఆవిడ మొహమాటానికి తిప్పుతుంది. వాళ్లు వెళ్లాక పోయిన గంటను పొద్దుపోయాక కూర్చుని పూడ్చుకోవాలి. అక్కడ చూడ్డం మనకు ఉచితం. దాని ఖర్చు ఆవిడ భరిస్తోంది.

గాంధీ రాట్నానికి టికెట్టా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1935లో గాంధీ పెట్టిన చరఖా సంఘం వడికేవాళ్లకు బతకడానికి సరిపడే కనీస కూలీ ఇవ్వాలని తీర్మానించింది, ఆయన పట్టుబట్టడం వల్లే. ఖద్దరు ధర పెరిగి అమ్మకాలు పడిపోతాయని సొంతవాళ్లే గొణిగారు. ఆయన వినలేదు. పొందూరులో 1949 నుంచి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. టికెట్ పెట్టి, చూపించే వేళలు ఖరారు చేసి, ఆ పూట చూపించే మనిషికి గంటకింత అని ఇవ్వడానికి కొత్త భవనం అక్కర్లేదు. మనవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది భవనమే. హస్తకళల గ్రామం అనగానే ఆర్చి, ఫౌంటెను, సెల్ఫీ పాయింటు వచ్చేస్తాయి. కళాకారుడి స్టాలుకి మాత్రం అద్దె ఉంటుంది.

విజయనగరం జిల్లా బొబ్బిలి వీణది ఇంకో రకం చిక్కు. గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు పనస దుంగను తొలిచి, అతుకులేకుండా ఏకాండి వీణ చేస్తారు. జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపూ వచ్చింది. అయితే ఇప్పుడు గిరాకీ ఎక్కువగా ఉన్నది గిఫ్ట్ వీణలకి, అంటే శాలువాతో పాటు అతిథి చేతిలో పెట్టే బుల్లి బొమ్మ వీణలకి. వాటిని చిన్నచూపు చూడను, ఇళ్లు గడుస్తున్నది వాటితోనే. కాకపోతే బొమ్మ వీణకు ఉలి పనితనం చాలు. 24 మెట్లను మైనంలో కూర్చి, ఒక్కోటీ స్వరస్థానంలో పలుకుతోందో లేదో చెవితో చూసుకుంటూ బిగించే పని దానికి అవసరం లేదు. ఆ చెవి ఒక్క తరంలో పోగలదు. మరోవైపు విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తోంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వీణ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఒక వారం గొల్లపల్లిలో కూర్చుని మెట్లు బిగించడం చూడాలని పాఠ్యాంశంలో పెడితే ఇద్దరికీ లాభమే. ఆ వారానికి గురువుగారికిచ్చినట్టే చేసే మనిషికీ ఫీజు ఇవ్వాలి.

సరవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి పని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వంటింట్లోకి స్టీలొచ్చింది, బిందెలు పోయి పూలకుండీలు మిగిలాయి.

విజయనగరం సిరిమాను సంగతి చూడండి. ఏటా ఒక చింతమానును వెతికి, కొట్టి తెచ్చి, హుకుంపేటలో వడ్రంగులు కొత్తగా చెక్కుతారు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి పూజారి దాని కొసన కూర్చుని గాల్లో ఊరేగుతాడు. కింద లక్షల జనం. ఒక మనిషిని అంత ఎత్తున మోయాల్సిన మాను కాబట్టి చెక్కడంలో తేడా రాకూడదు. ఆ విద్యను కాపాడాలని ఎవరూ సెమినార్లు పెట్టరు. పోయినేటి మాను ఈ ఏటికి పనికిరాదు, అంతే. ప్రతి ఏడూ చేసి తీరాల్సిన అవసరం ఉంది గనుక చెయ్యి తిరిగిన మనుషులూ ఉన్నారు. ఖద్దరుకీ వీణకీ అలాంటి అవసరం ఏటేటా పుట్టదు. కనుకే చూసేవాళ్ల డబ్బు గురించి ఇంత మాట్లాడాల్సి వస్తోంది.

వడికే ఆవిడ కూతురు విశాఖ వెళ్లి ఫార్మా కంపెనీలో చేరితే మనకేంటి కష్టం అని అడగొచ్చు. ఏమీ లేదు, వెళ్లాలి కూడా. నెల జీతం, పీఎఫ్ వదులుకుని వారసత్వం కోసం రాట్నం తిప్పమనే హక్కు విశాఖ ఫ్లాట్లో కూర్చుని రీల్స్ చూసే మనకు లేదు. విలియమ్స్‌బర్గ్ కమ్మరి కూడా కమ్మరి కొడుకే కానక్కర్లేదు, జీతముంది కాబట్టి ఇష్టపడినవాళ్లు బయటినుంచి వచ్చి చేరతారు. పొందూరులోనూ ఇంటర్ పాసైన ఏ కుర్రాడైనా, ఏ అమ్మాయైనా స్టైపెండు మీద రెండేళ్లు నేర్చుకునే వీలుంటే ఆ పని ఒక కులానికీ, ఇంట్లోని పెద్దావిడకీ మాత్రమే మిగిలిపోదు. టికెట్ ఒక్కదాని మీదే ఆ స్టైపెండు రాదు, మొదట్లో ప్రభుత్వం పెట్టుకోవాల్సిందే. ఆర్చికీ ఫౌంటెనుకీ పెట్టే డబ్బుతో కొన్ని బ్యాచ్‌లు నడుస్తాయి.