ఇల్లు కదల్లేదు, జిల్లాలే కదిలాయి

(హనుమకొండలో ఒక పాత పెంకుటిల్లు. మధ్యాహ్నం రెండున్నర. తండ్రి పేరు మీదున్న కరెంటు మీటర్‌ను తన పేరు మీదికి మార్పించుకోవడానికి ఆఫీసుకు పోయి వచ్చిన సమ్మయ్య చంకలో బట్టల దుకాణం కవరు, కవరు నిండా కాగితాలు. సరోజన గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆయన చెప్పులు విసిరేసిన తీరు చూస్తేనే సంగతి తెలిసిపోతోంది. అయినా అడగకుండా ఉండే మనిషి కాదు ఆమె.)

సరోజన: ఏమైందయ్యా?

సమ్మయ్య: ముందు మంచినీళ్లియ్యి.

సరోజన: నీళ్లడిగావంటే కాలేదన్నమాట. పనైతే చాయ్ అడిగేవాడివి.

సమ్మయ్య: మన ఇల్లు ఎక్కడుందో రుజువు చెయ్యాలట.

సరోజన: ఎక్కడుండడమేంది? దాని గడప మీదే కదా నిలబడ్డావు!

సమ్మయ్య: అది నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెలియొద్దా? రిజిస్ట్రీలో వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఓటరు కార్డులో వరంగల్ జిల్లా, తెలంగాణ. బ్యాంకు బుక్కులో వరంగల్ అర్బన్. మొన్న తెచ్చిన సర్టిఫికెట్‌లో హనుమకొండ జిల్లా. కౌంటర్లో పిల్లగాడు నాలుగూ పక్కపక్కన పరిచి, ‘పెద్దాయనా, నాలుగు ఇళ్లా?’ అన్నాడు.

సరోజన: నాలుగుంటే నేనిక్కడ గింజలెందుకు తీస్తాను? మూడింటి కిరాయి తింటూ కూర్చునేదాన్ని. నువ్వేమన్నావు?

సమ్మయ్య: అంతా వివరంగా చెప్పాను. 2014లో రాష్ట్రం మారింది బాబూ, 2016 దసరాకు జిల్లాలు చీలాయి, 2021లో అర్బన్ పోయి హనుమకొండ అయింది, మా ఇల్లు మాత్రం జానెడు కూడా జరగలేదు అన్నాను. ‘అదే రాయించుకుని రా’ అన్నాడు.

సరోజన: పిన్‌కోడ్ చూపించలేకపోయావా? 506001. అదొక్కటే మారలేదు.

సమ్మయ్య: చూపించాను. ‘అది పోస్టాఫీసు వాళ్ల సంగతి’ అన్నాడు.

సరోజన: 2014 ఆగస్టు 19న ఇంటింటికీ వచ్చి రాసుకునే సమగ్ర కుటుంబ సర్వే అంటే పొద్దంతా ఇంట్లోనే కూర్చున్నాం గుర్తుందా? నీ తమ్ముడు భీవండి నుంచి రైల్లో నిలబడి వచ్చాడు. ఆ రోజు ఇల్లు చూసే కదా రాసుకుపోయారు?

సమ్మయ్య: ఆ కాగితం వేరట, ఈ కాగితం వేరట. ఇంకోటి విను. పాతవాటిలో హన్మకొండ అని ఉంది, కొత్తదాంట్లో హనుమకొండ అని ఉంది. ‘ను’ ఎక్కువుందట.

సరోజన: ఎక్కువుంటే కొట్టెయ్యమను.

సమ్మయ్య: కొట్టేస్తే దిద్దుబాటు అవుతుంది. దిద్దుబాటుకు వేరే దరఖాస్తు.

(ఇక్కడ సరోజన రెండు గింజలు గిన్నెలో కాకుండా ఆయన కాళ్ల దగ్గర పడేసింది. కావాలనే.)

సరోజన: వేయిస్తంభాల గుడి 1163లో కట్టించి, రుద్రదేవుడు ఒక్క రాతి మీద శాసనం చెక్కించాడు. మూడు సెట్లు జిరాక్స్ ఎవరూ అడగలేదు. నీకేమో మూడు కాదు, ఆరయ్యాయి. ఎన్ని పైసలు తగలేశావు?

సమ్మయ్య: ముందు మూడు తీయించాను. వాటి మీద సంతకం పెట్టమన్నాడు, నా జిరాక్స్ నాదేనని నేనే. పెట్టాను. బ్యాంకు బుక్కులో సంతకంలాగా లేదన్నాడు. అందుకే ఇంకో మూడు.

సరోజన: ఎందుకుంటుంది? అక్కడ కూర్చుని పెట్టావు, ఇక్కడ గోడకు ఆనించి పెట్టావు.

సమ్మయ్య: అసలు కొంప ముంచింది బాపు డెత్ సర్టిఫికెట్. దానికి ల్యామినేషన్ చేయించిందెవరు?

సరోజన: నేనే. వానకు ఇల్లు కురిసి సగం కాగితాలు ముద్దయ్యాయి. ఆ ఒక్కటీ మిగిలిందంటే నా పుణ్యమే.

సమ్మయ్య: నీ పుణ్యం జిరాక్స్ మిషన్ కింద పెడితే మెరిసింది. ఇటు చూడు, తెల్లటి గీత. ఎక్కడ పడింది? సరిగ్గా తేదీ మీద. ‘మీ నాన్న ఎప్పుడు పోయాడో కనబడట్లేదు’ అంటాడు. 2009 అని నోటితో చెప్పాను. నోటి మాట పనికిరాదట.

సరోజన: చుట్టుపక్కల వందమంది దినాల భోజనం చేశారు. వాళ్లను పిలుచుకుపో.

సమ్మయ్య: ఇదంతా నీ కొడుకు పెట్టిన చిచ్చు! సోలార్ పెట్టు నాన్నా, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తుంది అన్నాడు.

సరోజన: మంచి మాటే కదా! కరెంటు బిల్లు మీద పేరూ, దరఖాస్తు పేరూ ఒకటే ఉండాలని ముందే చెప్పాడు కూడా. మామ పోయిన ఏడాదే మీటర్ నీ పేరు మీదికి మార్చుకోమన్నాను. విన్నావా? ఇన్నేళ్లూ నెలనెలా ఆయన పేరు మీదే కడుతున్నాం, ఒక్క నెల బాకీ లేదు.

సమ్మయ్య: బతికున్నప్పుడు బాపు ఇంత టైముకు కట్టలేదు.

సరోజన: అందుకే ఆయన పేరు వదలబుద్ధి కావట్లేదేమో వాళ్లకు. ఇప్పుడేం చెయ్యాలట?

సమ్మయ్య: బాండ్ పేపర్ మీద నాలుగు అడ్రసులూ ఒకే ఇల్లు అని రాయించి, నోటరీ చేయించాలి. (కవరులోంచి గర్వంగా తీసి) వచ్చేటప్పుడే కోర్టు దగ్గర కొన్నాను. ఊరికే తిరిగి రాలేదు.

సరోజన: (చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితం కళ్లకు దూరంగా పట్టుకుని) ఇదేంది? ఇక్కడ మామ పేరుందేంది?

సమ్మయ్య: ఎవరి పేరు మీద కావాలని స్టాంప్ వెండర్ అడిగాడు. మీటర్ బాపు పేరు మీదే ఉంది కదా, పేరు తేడా వస్తే మళ్లీ తిప్పుతారని బాపు పేరే చెప్పాను.

సరోజన: కింద ఇవాల్టి తేదీ వేసి ముద్ర కొట్టాడు.

సమ్మయ్య: కొడతాడు మరి. ప్రభుత్వ కాగితం.

సరోజన: అంటే మామ ఇవాళ పొద్దున కోర్టు దగ్గరికి పోయి బాండ్ పేపర్ కొన్నాడు.

(సమ్మయ్య కాగితం వైపు చూశాడు. తర్వాత తెల్లగీత పడ్డ జిరాక్స్ వైపు చూశాడు.)

సమ్మయ్య: ...చాయ్ పెట్టు.

సరోజన: ఎన్ని కప్పులు? రెండా, మూడా?