లెఫ్ట్ బ్యాక్ ఎందుకండీ, దండగ!

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లని కొనుక్కునే, అమ్ముకునే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, మూసేశారు. మా క్లబ్‌కి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపు కాసే ఆటగాడు, రాలేదు. ఈ మాత్రం దానికే అభిమానులు చైర్మన్ గారి మీద విరుచుకుపడటం నాకు బొత్తిగా నచ్చలేదు. ఆయన ప్రయత్నలోపం ఏముంది? జూన్‌లో "చర్చలు మొదలయ్యాయి" అన్నారు. జూలైలో "సానుకూలంగా సాగుతున్నాయి" అన్నారు. ఆఖరి రోజు రాత్రి "సమయం సరిపోలేదు" అన్నారు. వేసవంతా తీరిగ్గా ఉన్న గడియారానికి ఆఖరి గంటలోనే అంత తొందర ఏమొచ్చిందో దాన్నే నిలదీయాలి.

పైగా కాగితాలు ఆలస్యం కావడం ఆయన కనిపెట్టిన విద్యేం కాదు. 2015లో గోల్‌కీపర్ డేవిడ్ డి హెయా మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాల్సింది. కాగితాలు గడువులోపు చేరక ఉన్నచోటే ఉండిపోయాడు. అంతంత క్లబ్బులకే చేతకానిది మా వాళ్లకి చేతనైతే అప్పుడు కదా అనుమానించాలి.

ఇక బేరం సంగతి. 2013లో లూయిస్ సువారెజ్ కోసం ఆర్సెనల్ లివర్‌పూల్‌కి 4 కోట్ల పౌండ్లు ఇస్తానంది. ఆ పైన ఇంకొక్క పౌండు. అక్షరాలా ఒకే ఒక్క పౌండు. 4 కోట్లు దాటితే అతన్ని వదలాల్సిందేనన్న షరతు ఒప్పందంలో ఉందని వాళ్ల నమ్మకం. లివర్‌పూల్ వదల్లేదు, అతను ఆ సీజన్లో అక్కడే 31 లీగ్ గోల్స్ కొట్టాడు. అందరూ నవ్వుకున్నారు గానీ మా చైర్మన్ గారు నవ్వలేదు. ఆ పైన వేసిన పౌండు దుబారా అని ఆయన అభిప్రాయం.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఆయనకి ఇందులో సగమే వర్తిస్తుంది. కొనబోతే కొరివే గానీ, అమ్మడంలో ఆయనది అందెవేసిన చేయి. ఎనిమిదేళ్ల వయసులో మా అకాడమీలో చేరి, జెర్సీ మోకాళ్ల దాకా వేలాడుతుంటే పరిగెత్తిన పిల్లాడు పెద్దవాడై మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతుంటే, వాణ్ని ఈ వేసవిలో అమ్మేశారు. స్టాండ్స్‌లో కొందరు ఏడ్చారు. పాపం, వాళ్లకి అకౌంట్స్ తెలియవు. బయటినుంచి 5 కోట్లు పెట్టి అయిదేళ్ల ఒప్పందం మీద తెచ్చిన ఆటగాడి ఖరీదులో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు రాస్తారు. రెండేళ్లయ్యాక 3 కోట్లకి అమ్మితే లాభం సున్నా. సొంత పిల్లాడి పేరు మీద కొనుగోలు ఖరీదంటూ ఏమీ ఉండదు కాబట్టి, అదే 3 కోట్లకి వాణ్ని అమ్మితే మొత్తం లాభమే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులకి పెట్టిన నష్టాల పరిమితి దాటినందుకు 2023-24లో ఎవర్టన్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ పాయింట్లు కోశారు మరి. మీరు ప్రాణంగా చూసుకునే కుర్రాడి విలువ పుస్తకంలో సున్నా అయితే అది పుస్తకం తప్పు గానీ చైర్మన్ తప్పా?

అభిమానుల గోడు ఆయన వినరన్నది మరో అభాండం. సీజన్ టికెట్ ధర పెంచుతున్నామని రాసిన ఉత్తరంలో మొదటి వాక్యమే "మీరే మా కుటుంబం". మొన్న సమావేశం కూడా పెట్టారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఒక పెద్దాయన లేచి, "అయ్యా, మధ్యలో కాపు కాయాల్సిన కుడికాలి సెంటర్ బ్యాక్‌ని ఎడమవైపు ఆడిస్తున్నారు. పక్కనుంచి గోల్ ముందుకి క్రాస్ వెయ్యాలంటే ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు, బంతిని కుడికాలి మీదకి మార్చుకుంటాడు. ఈలోపు అవతలి టీమ్ మొత్తం వచ్చి నిలబడుతుంది. లెఫ్ట్ బ్యాక్ ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు.

"చాలా మంచి ప్రశ్న," అని చైర్మన్ గారు నోట్‌ప్యాడ్ మీదకి వంగి ఏదో రాసుకున్నారు. హాలంతా పొంగిపోయింది. నేను కూర్చున్న చోటికి కనిపిస్తోంది. ఆయన ఒక డబ్బా బొమ్మ గీసి, లోపల శ్రద్ధగా గీతలు నింపుతున్నారు.

తర్వాత గొంతు సవరించుకుని టోటెన్‌హామ్ కథ చెప్పారు. 2018 వేసవిలో ఆ క్లబ్ ఒక్కరినీ కొనలేదు. 2003లో వేసవి విండో వచ్చాక ప్రీమియర్ లీగ్‌లో అలా చేసిన మొదటి క్లబ్ అదే. ఆ సీజన్లోనే యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌లో ఫైనల్ దాకా వెళ్లింది.

"ఫైనల్లో ఓడిపోయింది కదండీ," అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"చూశారా, పైసా ఖర్చు లేకుండా ఓడిపోయే వీలుండగా, డబ్బు పోసి ఓడిపోవడం దేనికి?" అన్నారు చైర్మన్ గారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరైనా ఉంటుందని కూడా అనుకోను.

పెద్దాయన మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. "ఇంతకీ లెఫ్ట్ బ్యాక్ సంగతి?"

"జనవరిలో చూద్దాం," అని ఆయన మళ్లీ నోట్‌ప్యాడ్ మీదకి వంగారు. ఈసారి డబ్బాకి ఒక తలుపు, రెండు కిటికీలు వచ్చాయి.