మాత్రలిచ్చే చోటే ఆ పరీక్షా జరగాలి

హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్న మహిళ దాదాపు అందరిలాగే నిండు జీవితం గడపగలదు. అలా నిలబెట్టిన ప్రాణాన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వదిలేయడం ఏం న్యాయం? హెచ్ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు మిగతావారికన్నా ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్‌ను చాలామంది శరీరం ఏడాది, రెండేళ్లలో తనంతట తానే వదిలించుకుంటుంది; రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మాత్రం అది తిష్ఠ వేస్తుంది. అది కణాల్లో తెచ్చే మార్పు మామూలుగా క్యాన్సర్ కావడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది; హెచ్ఐవీకి చికిత్స అందనివారిలో ఐదు నుంచి పదేళ్లలోనే క్యాన్సర్‌గా ముదరవచ్చు. అందుకే వీరికి 30 ఏళ్లు వచ్చేదాకా ఆగకుండా 25 నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలని ఆ సంస్థ 2021 మార్గదర్శకాలు సూచించాయి.

కనిగిరి వైపు పల్లె నుంచి ఒకరోజు కూలి వదులుకుని, తొలి బస్సెక్కి ఒంగోలు ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన మనిషికి మాత్రలతోపాటు ‘గైనిక్ ఓపీలో చూపించుకో’ అని చీటీ రాసిస్తే, ఆ చీటీ సంచిలోనే నలిగిపోతుంది. ఆమెది నిర్లక్ష్యం అనడం తేలిక. అక్కడ మళ్లీ క్యూ, మళ్లీ కొత్తవాళ్ల ముందు జబ్బు పేరు చెప్పుకోవడం, ఈలోగా మధ్యాహ్నం బస్సు వెళ్లిపోవడం. ఇక ఊళ్లో ఆశా కార్యకర్తకు సంగతి తెలియడమంటే ఆమెకు క్యాన్సర్‌కన్నా ముందు వచ్చే భయం.

ఏఆర్‌టీ కేంద్రాలకు వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడిగి క్షయను పట్టుకుంటున్నారు. ఆ అలవాటే ఇక్కడా పనికొస్తుంది, ఒక తేడాతో: తొలి దశలో ఈ జబ్బుకు లక్షణాలే ఉండవు కాబట్టి ప్రశ్న చాలదు, పరీక్షే కావాలి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష మేలైనది. దానికి నమూనాను ఆమే తీసి ఇవ్వవచ్చు. అది లేనిచోట శిక్షణ పొందిన నర్సు పలచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, నిమిషం ఆగి, తెల్లబారిన మచ్చ ఉందేమో చూస్తుంది. చికిత్సకు తగిన మచ్చయితే వేడి పరికరంతో నిమిషం లోపే కాల్చేయవచ్చు, మత్తు ఇవ్వకుండా, అదే రోజు. అనుమానంగా ఉన్నవారినే పెద్ద వైద్యుల దగ్గరకు పంపాలి, అదీ చీటీతో కాకుండా మనిషిని తోడిచ్చి.

కాల్చినా మచ్చ తిరిగి రావడం హెచ్ఐవీ ఉన్నవారిలోనే ఎక్కువ. కాబట్టి ఏడాదికి జరగాల్సిన మలి పరీక్ష తేదీని ఆమె మందుల పుస్తకంలో, మళ్లీ మాత్రలకు రావాల్సిన తేదీ పక్కనే రాయాలి.